జ్వరం ఎన్ని రోజుల నుంచి? - ఇంగ్లీషులో మనకొచ్చే సందేహాలు

తమ్ముళ్లూ,

మేము నలుగురం ఈ హాస్టల్లోనే చదివి, ఇప్పుడు పట్నంలో కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుకుంటున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాం. కానీ ప్రతి సంచికలోనూ అమ్మ మీద నాలుగు కవితలు ఎలాగూ ఉంటాయి. మేము ఇక్కడ ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించిన సంగతి ఒకటుంది. అదే రాస్తున్నాం. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడూ, రాసేటప్పుడూ మనం పడే తికమక గురించి.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు మేము ఎనిమిదో తరగతి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. అంతకు ముందు ఏడాది దాకా కిరణజన్య సంయోగక్రియ అని చదివింది ఒక్కసారిగా ఫోటోసింథసిస్ అయింది. పాఠాలైతే ఎలాగో బట్టీ పట్టి గట్టెక్కాం. సొంతంగా ఒక వాక్యం చెప్పాల్సి వచ్చినప్పుడే నోరు పెగిలేది కాదు.

కాలేజీలో చేరిన కొత్తలో మాలో ఒకడు సెలవు చీటీ రాశాడు. “ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్” అని. లెక్చరర్ దాన్ని క్లాసులో పైకి చదివారు. వెనక బెంచీలవాళ్లు నవ్వారు. ఆ తర్వాత వాడు చాలా నెలల పాటు సెలవు చీటీ అనేదే రాయలేదు. ఒళ్లు కాలిపోతున్నా క్లాసుకు వచ్చి కూర్చునేవాడు.

ఆ రాత్రి హాస్టల్లో నలుగురం కూర్చుని ఆ వాక్యంలో తప్పెక్కడుందో వెతికాం. వెతగ్గా తేలిందేమిటంటే, అది తెలివి తక్కువ వాక్యం కాదు. సరైన తెలుగు వాక్యానికి ఇంగ్లీషు మాటల చొక్కా తొడిగాడు, అంతే. “రెండు రోజుల నుంచి జ్వరంతో బాధపడుతున్నాను” అనే మాటలో తెలుగుకు ఏ లోటూ లేదు. అప్పటి నుంచి తప్పు దొరికినప్పుడల్లా దాని వెనక ఏ తెలుగు మాట దాక్కుందో చూడటం మాకు అలవాటైంది. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని దిద్దుకోవడం తేలిక. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. పైకి గట్టిగా చదవండి, స్పెల్లింగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఆ జ్వరం సంగతే చూద్దాం. తెలుగులో “సోమవారం నుంచి” అంటాం, “రెండు రోజుల నుంచి” అంటాం. రెండింటికీ ‘నుంచి’ ఒక్కటే చాలు. ఇంగ్లీషు దాన్ని రెండుగా చీల్చింది. మొదలైన రోజో, గంటో చెబితే ‘సిన్స్’. ఎంత కాలమైందో లెక్క చెబితే ‘ఫర్’. మేము పెట్టుకున్న గుర్తు ఇది: క్యాలెండర్ మీదో, గడియారం మీదో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్ (సిన్స్ మండే, సిన్స్ జూన్, సిన్స్ సిక్స్ ఓ క్లాక్). వేళ్లు మడిచి లెక్కపెట్టాల్సి వస్తే ఫర్ (ఫర్ టూ డేస్, ఫర్ త్రీ అవర్స్, ఫర్ ఫైవ్ ఇయర్స్).

ఆ వాక్యంలో రెండో తప్పు కాలానిది. మనకు జ్వరం ఇప్పుడు ఉంది కాబట్టి “ఉంది” అంటాం. ఎప్పుడు మొదలైనా సరే, ఇప్పుడుంటే వర్తమానమే. ఇంగ్లీషు అలా ఊరుకోదు. మొన్న మొదలై ఇవాళ్టి దాకా సాగిందనే సంగతి కూడా క్రియలోనే కనిపించాలంటుంది. అందుకే “ఐ హావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్”. ఇంకా తేలిగ్గా “ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్”. “ఎన్నాళ్ల నుంచి ఈ హాస్టల్లో ఉంటున్నావు?” అని అడిగినా ఇదే దారి: “ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్”.

ఇప్పుడు స్నానాల గదుల దగ్గరికి వద్దాం. మేము తొమ్మిదిలో ఉన్నప్పుడు కుళాయిల దగ్గర అట్ట మీద “వాటర్ ఆర్ నాట్ కమింగ్” అని రాసి కట్టాం. తెలుగులో నీళ్లు ఎప్పుడూ బహువచనమే. నీళ్లు రావడం లేదు, నీళ్లు వచ్చాయి. పాలూ అంతే, పాలు కాగాయి అంటాం. గ్లాసెడు పాలైనా, బిందెడు పాలైనా అవి ‘అవే’. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ రెండూ ఏకవచనం: “వాటర్ ఈజ్ నాట్ కమింగ్”, “ద మిల్క్ ఈజ్ హాట్”. కత్తెర దగ్గర సంగతి తిరగబడుతుంది. మనకు కత్తెర ఒకటే వస్తువు. వాళ్లకు దానికి రెండు కాళ్లున్నాయి కాబట్టి “ద సిజర్స్ ఆర్ ఆన్ ద టేబుల్”. ప్యాంటు కూడా ‘ప్యాంట్స్’ అయింది. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ అనే మాటలకు మాత్రం చివర ‘స్’ చేర్చకూడదు. పెట్టెలు పది ఉన్నా లగేజ్ ఒక్కటే.

‘డిడ్’ తర్వాత ‘వెంట్’ రాసి మార్కులు పోగొట్టుకోని వాళ్లు మనలో తక్కువ. “ఐ డిడ్ నాట్ వెంట్” అని మేమూ రాశాం. దీనికి మందు మన తెలుగులోనే ఉంది. ‘వెళ్లాడు’కు వ్యతిరేకం ఏమిటి? ‘వెళ్లలేదు’. ‘వెళ్లాడు లేదు’ అని ఎవరైనా అంటారా? గడిచిన కాలం సంగతి ‘లేదు’ చూసుకుంది కాబట్టి ముందున్న ‘వెళ్ల’ ఉత్త ధాతువుగా మిగిలిపోయింది. ఇంగ్లీషులో ఆ పని ‘డిడ్ నాట్’ చేస్తుంది, ‘గో’ అలాగే ఉండిపోతుంది. ఇంకో పోలిక కూడా ఉంది. నేను వెళ్లలేదు, నువ్వు వెళ్లలేదు, వాళ్లు వెళ్లలేదు. ఎవరికైనా ‘వెళ్లలేదు’ మారదు. ‘డిడ్ నాట్ గో’ కూడా ఎవరికీ మారదు. ప్రశ్నలో మాత్రం ఈ పోలిక పనిచేయదు. మనం ‘వెళ్లావా’ అని కాలాన్ని అక్కడే ఉంచుతాం, వాళ్లు అక్కడా ‘డిడ్ యు గో’ అంటారు. ఇది కాస్త గుర్తుపెట్టుకోవాల్సిందే.

“హి గో”, “షి కమ్” అనడం మరో జబ్బు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు అని ఆరు తోకలు నోటి చివర పెట్టుకున్నవాళ్లం మనం. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే తోక, ‘స్’. అదీ హి, షి, ఇట్‌లకు మాత్రమే. ‘డజ్’ వస్తే ఆ తోక దానికి వెళ్లిపోతుంది: “డజ్ హి కమ్?” అంటాం, “డజ్ హి కమ్స్?” అనం.

‘హి’ అంటే గుర్తొచ్చింది. సారును ‘హి’ అనడానికి మనకు నోరు రాదు. చిన్నప్పుడు ‘హి’ అంటే వాడు అని నేర్పారు కదా. అందుకే గౌరవం కలిపి “సార్ ఆర్ కమింగ్” అంటాం, సారు వస్తున్నారు అన్నట్టు. ‘హి’లో వాడు, అతను, ఆయన ముగ్గురూ ఉన్నారు. ‘యు’లో నువ్వూ ఉన్నావు, మీరూ ఉన్నారు. కాబట్టి “సార్ ఈజ్ కమింగ్” అంటే అమర్యాద ఏమీ లేదు.

“వాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు” అనే దాన్ని చాలామంది “ఐ డోన్ట్ నో వేర్ ఈజ్ హి” అంటారు. తెలుగులో “ఎక్కడున్నాడు?” అనేది ప్రశ్న. ఇంకో వాక్యంలోకి వెళ్లేసరికి “ఎక్కడున్నాడో” అయింది. చివర ‘ఓ’ చేరి, ఇక నేను ప్రశ్నను కాదు అని చెబుతోంది. ఇంగ్లీషులో ‘ఓ’ లేదు. అక్కడ మాటల వరస మారుతుంది. “వేర్ ఈజ్ హి?” ప్రశ్న. “ఐ డోన్ట్ నో వేర్ హి ఈజ్” ప్రశ్న కాదు. తెలుగులో ‘ఓ’ వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో వరస తిప్పండి. ఎప్పుడొస్తాడో: “వెన్ హి విల్ కమ్”. ఏమన్నాడో: “వాట్ హి సెడ్”.

ఇంతవరకు చెప్పిన తప్పులకు మహా అయితే మార్కులు పోతాయి, నలుగురు నవ్వుతారు. ఇప్పుడు చెప్పబోయే దానికి మాలో ఒకడికి డబ్బే ఆగిపోయింది. ఫస్టియర్‌లో స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతాకు ఆధార్ జత చేయించాలన్నారు. మా వాడు పాసుపుస్తకం పట్టుకుని వెళ్లాడు. కౌంటర్‌లో కూర్చున్నాయన ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చినాయన, తెలుగు రాదు. పుస్తకం చూసి “హావింట్ యు లింక్డ్ యువర్ ఆధార్?” అని అడిగాడు. ఆధార్ లింక్ చేయించుకోలేదా అని. మా వాడు “యెస్ సర్” అన్నాడు. అవును సార్, చేయించుకోలేదు అని వాడి భావం. ఆయనకు వినిపించింది మాత్రం “చేయించుకున్నాను” అని. తల ఊపి పుస్తకం తిరిగిచ్చి తర్వాతి మనిషిని పిలిచాడు. పని అయిపోయిందనుకుని మా వాడు సంతోషంగా హాస్టల్‌కు వచ్చాడు. అందరికీ డబ్బులు పడ్డాయి. వీడికి పడలేదు. ఏమైందో తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి, పరీక్ష ఫీజుకు వాళ్ల నాన్న ఊళ్లో అప్పు చేశాడు.

తప్పు ఎవరిదని మేము చాలాసేపు వాదించుకున్నాం. ఇద్దరిదీ కాదు. “తినలేదా?” అని అడిగితే మనం “అవును, తినలేదు” అంటాం. అడిగినవాడి ఊహ నిజమే అని ఒప్పుకోవడం మన ‘అవును’. ఇంగ్లీషు వాళ్ల ‘యెస్’కు అడిగినవాడి ఊహతో పని లేదు. జరిగితే యెస్, జరక్కపోతే నో. ప్రశ్న ఎలా అడిగినా జవాబు మారదు. “డిడింట్ యు ఈట్?” అంటే, తినకపోతే “నో, ఐ డిడింట్”. తింటే “యెస్, ఐ డిడ్”. మన ఊళ్లలోనూ “లేదు, తినలేదు” అనేవాళ్లున్నారు, వాళ్లకు ఈ చిక్కు తక్కువ. మిగతా వాళ్లం చేయాల్సింది ఒకటే. ఆఫీసులో, ఆసుపత్రిలో, బ్యాంకులో ఉత్త యెస్ దగ్గరా, ఉత్త నో దగ్గరా ఆగొద్దు. “నో సర్, ఐ హావింట్ లింక్డ్ ఇట్” అని వాక్యం పూర్తి చేయండి. అప్పుడు మొదటి మాట తప్పినా రెండో మాట కాపాడుతుంది.

‘కదా’ కూడా ఇలాంటిదే. నువ్వు వస్తావు కదా, వాళ్లు తిన్నారు కదా, అది ఎర్రగా ఉంది కదా. మనకు అన్నిటికీ ఒకే ‘కదా’. అందుకే మనం అన్నిటి చివరా “ఈజింట్ ఇట్?” తగిలిస్తాం. ఇంగ్లీషు ‘కదా’ వాక్యాన్ని బట్టి మారుతుంది: “యు ఆర్ కమింగ్, ఆరింట్ యు?”, “దే ఏట్, డిడింట్ దే?”. అంత తొందరలో తట్టకపోతే చివర “రైట్?” అనండి, సరిపోతుంది. పరీక్షలో మాత్రం సరిపోదు.

‘ఎ’, ‘యాన్’ అనేవి తెలుగులో లేవు కాబట్టి మనం వాటిని అసలే వదిలేస్తాం, లేదా ఎక్కడపడితే అక్కడ చల్లుతాం. ఏది ఎక్కడ అనడానికి బడిలో ఐదు అచ్చుల పేర్లు చెబుతారు. దాంతోనే వస్తుంది చిక్కు. చూడాల్సింది ఇంగ్లీషు అక్షరం కాదు, నోటి శబ్దం. శబ్దం చూడటానికి మన లిపిని మించినది లేదు. ఆ మాటను తెలుగులో రాయండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్: యాన్ అవర్. ఆనెస్ట్ మ్యాన్: యాన్ ఆనెస్ట్ మ్యాన్. యూనిఫాం, యూనివర్సిటీ ‘య’తో మొదలయ్యాయి కాబట్టి ఎ యూనిఫాం, ఎ యూనివర్సిటీ. ఎమ్మెల్యే, ఎస్సై ‘ఎ’తో మొదలయ్యాయి కాబట్టి యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎస్సై. ఒక్క జాగ్రత్త. మనవాళ్లు గుడ్డును ‘యెగ్’ అంటారు, ‘వన్’ను ‘ఒన్’ అంటారు. పలుకు సరిగ్గా ఉంటేనే ఈ కిటుకు పనిచేస్తుంది: యాన్ ఎగ్, ఎ వన్ రూపీ కాయిన్.

మరికొన్ని వాటిని ఊరికే గుర్తుపెట్టుకోవాలి, కారణాలు వెతికి లాభం లేదు. ‘డిస్కస్’ లోపలే ‘గురించి’ ఉంది, “డిస్కస్ అబౌట్” అనొద్దు. “టెల్ మీ” సరైనదే గానీ “ఎక్స్‌ప్లెయిన్ మీ” కాదు, “ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ” అనాలి. మనకు ఒకరి మీద కోపం వస్తుంది, వాళ్లకు “యాంగ్రీ విత్”. “రిటర్న్ బ్యాక్”లో బ్యాక్ దండగ. “కెన్ ఏబుల్ టు” అనే మాటే లేదు. కెన్ అయినా అనండి, ఏబుల్ టు అయినా అనండి. “ఆల్దో” అని మొదలుపెట్టాక మధ్యలో “బట్” అక్కర్లేదు.

రాత్రి తొమ్మిదికి తనిఖీకి వచ్చిన ఆఫీసరుకు మేమంతా లేచి నిలబడి గొంతెత్తి “గుడ్ నైట్ సార్!” అన్నాం ఒకసారి. ఆయన నవ్వుతూ “అప్పుడే వెళ్లిపొమ్మంటారా?” అన్నారు. రాత్రి ఎంత పొద్దుపోయినా కలిసినప్పుడు గుడ్ ఈవినింగే. గుడ్ నైట్ సెలవు తీసుకునేటప్పుడు.

కాలేజీలో చేరగానే మీకు ఎదురయ్యేది సెల్ఫ్ ఇంట్రడక్షన్. ఒక్కొక్కరు లేచి తన గురించి చెప్పాలి. ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి పేరు చెప్పేవాళ్లే ఎక్కువ. “ఐ యామ్” అని పేరు చెప్పండి, లేదా “మై నేమ్ ఈజ్” అనండి. “ఐ యామ్ కమింగ్ ఫ్రమ్” అని ఊరి పేరు చెబితే ఇప్పుడే అక్కడి నుంచి బస్సు దిగి వస్తున్నట్టు అర్థం. “ఐ యామ్ ఫ్రమ్” చాలు. “ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్” వద్దు, “ఐ హావ్ టూ సిస్టర్స్”. ఉండటం, తెలియడం, ఇష్టపడటం లాంటివి జరుగుతూ ఉండే పనులు కావు, కాబట్టి వాటికి ‘ఇంగ్’ పెట్టరు. “ఐ యామ్ హావింగ్ లంచ్” అనొచ్చు, ఎందుకంటే తినడం పని.

ఆ తర్వాత వచ్చేది, నాన్న ఏం చేస్తారనేది. మాలో ఇద్దరం ఆ వాక్యం దగ్గర ఆగిపోయాం. ఇంగ్లీషు రాక కాదు. ముందు చెప్పినవాళ్ల నాన్నలు ఇంజినీర్లు, వ్యాపారులు. ఒకడు కూర్చుండిపోయాడు. ఇంకొకడు “ఫార్మర్” అన్నాడు, వాళ్లకు సెంటు భూమి లేదు. మూడోవాడు “మై ఫాదర్ ఈజ్ డూయింగ్ కూలీ” అన్నాడు, క్లాసు నవ్వింది. నాలుగోవాడి వంతు మర్నాడు వచ్చింది. రాత్రే వాక్యం రాసుకుని పదిసార్లు పైకి చదివి వెళ్లాడు. “మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మ్ వర్కర్. మై మదర్ వర్క్స్ ఇన్ ద ఫీల్డ్స్ టూ.” వర్క్స్ చివర ‘స్’ మర్చిపోలేదు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ పని చేసే నాన్నకు “మేసన్”, ఆటో నడిపితే “ఆటో డ్రైవర్”, రోజు కూలీకి “డెయిలీ వేజ్ వర్కర్”. ఇవి ముందే రాసి పెట్టుకోండి.

నవ్వేవాళ్ల గురించి ఒక లెక్క చెబుతాం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం జనం 121 కోట్లు. ఇంగ్లీషు మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 2 లక్షల 60 వేల లోపే. అంటే మా క్లాసులో నవ్వినవాళ్లు కూడా దాన్ని బడిలో నేర్చుకున్నవాళ్లే, మనకంటే కాస్త ముందు మొదలుపెట్టారు. మన స్టడీ హాల్లో ఫోటో ఉన్న అంబేద్కర్ గారి మాతృభాష మరాఠీ. 1936లో ‘కుల నిర్మూలన’ను ఆయన ఇంగ్లీషులోనే రాశారు. తెలుగు నేర్చుకుని 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేయించిన సి.పి.బ్రౌన్‌కు మన భాష పరాయి భాషే. ఇంగ్లీషులో ‘వి’ ఒక్కటే ఉంది. ‘మనం’ ఎక్కడో, ‘మేము’ ఎక్కడో తేల్చుకోవడం ఆ భాషలో పుట్టినవాళ్లకు మన సిన్స్, ఫర్ లాంటి చిక్కే.

కొన్నిటిని తప్పులని మనల్ని అనవసరంగా భయపెట్టారు కూడా. ‘ప్రీపోన్’ అనే మాట లేదని మాకు ఒకరు గట్టిగా చెప్పారు. మన దేశంలో బాగా వాడుకలో ఉన్న ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. “ఐ హావ్ ఎ డౌట్” అని క్లాసులో లేచి అంటే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటి దేశాలవాళ్లకు మాత్రం మీరు చెప్పింది నేను నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు, వాళ్లతో “ఐ హావ్ ఎ క్వశ్చన్” అనండి. టెన్త్‌లో “పాస్డ్ ఔట్” అన్నా అంతే. మనకు పాసై బయటికి రావడం, వాళ్లలో చాలామందికి స్పృహ తప్పడం.

చివరగా, జ్వరం వస్తే రాయాల్సిన చీటీ. కొట్టేసి కొట్టేసి మేము ఇంతకు తెచ్చాం. “రెస్పెక్టెడ్ సర్, ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్. ఐ కెనాట్ కమ్ టు క్లాస్ టుడే అండ్ టుమారో. ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్. థాంక్ యు, సర్.” ‘ఐ బెగ్ టు స్టేట్’ అని పాత పుస్తకాల్లో ఉంటుంది, అక్కర్లేదు. జ్వరానికి సెలవు అడుక్కోవాల్సిన పని లేదు. మొదట చెప్పిన మా వాడు ఈ జనవరిలో ఈ చీటీయే రాసిచ్చి రెండు రోజులు పడుకున్నాడు.

స్టడీ హాల్లో కిటికీ పక్కన మేకుకు ఒక నోటుబుక్కు కట్టి వెళ్తున్నాం. మీకు వచ్చిన సందేహాలు అందులో రాయండి, పేరు రాయక్కర్లేదు. రెండో శనివారాల్లో ఊరికి వచ్చినప్పుడు చూసి జవాబులు రాస్తాం. మాకూ తెలియనివి లెక్చరర్‌ను అడిగి రాస్తాం. కుళాయిల దగ్గర అట్ట ఇంకా అలాగే ఉందట, ముందు దాన్ని మార్చండి.